అవతలి కొస

నా చిన్నప్పుడు నన్ను మించిన పిరికిది మా పల్లె మొత్తం మీద లేదు. ఇది నేను కల్పించి చెప్పుకుంటున్న మాట కాదు, మా నాయనమ్మ పదిమందిలో అని నవ్వించిన మాట. తొండ తల ఊపినా నాకు జ్వరం వచ్చేది. చర్చిలో పాస్టరు గారు ప్రసంగంలో కాస్త గొంతు పెంచితే నాయనమ్మ కొంగు నెత్తిన వేసుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు మనవరాలికి జడ వేసే వయసొచ్చింది నాకు. పిరికితనం పూర్తిగా పోయిందని చెప్తే అబద్ధమే అవుతుంది. కాకపోతే దానితో ఎలా కాపురం చెయ్యాలో ఒక్క పూటలో నేర్చుకున్నాను. ఆ పూట సంగతే ఇది.

మా పల్లె పర్చూరు వైపు పోయే తారు రోడ్డును ఆనుకుని ఉంటుంది. చుట్టూ నల్లరేగడి. ఒక చేలో మిరప, ఇంకో చేలో పత్తి. మా అమ్మా నాన్నా గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయి, నెలకోసారి ఘాటు వాసన మోసుకుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళు రాగానే అందరం తుమ్మేవాళ్ళం, అదే మాకు పండగ. మిగతా రోజుల్లో ఇంట్లో నేనూ నాయనమ్మా. కౌలుకి తీసుకున్న కాస్త చేలో పత్తి వేసేది మా నాయనమ్మ. ఆ ఏడు మొదటి తీత అయిపోయి, తీసిన పత్తంతా ముందు గదిలో కుప్ప పోసి ఉంది. ఆ కుప్ప మీదకెక్కితే వీపు చిట్లగొట్టేది. అయినా ఎక్కేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక లారీ మా ఇంటికి ఎదురుగా రోడ్డు పక్కన ఆగిపోయింది. జిన్నింగు మిల్లులో ఎక్కించిన పత్తి బేళ్ళతో ఉత్తరాదికి పోతున్న లారీ. లోపల ఏదో విరిగిందట. క్లీనరు కొత్త సామాను కోసం బస్సెక్కి గుంటూరు పోయాడు. డ్రైవరు ఒక్కడే మిగిలాడు. ఆయన సర్దారు, సిక్కు మనిషి. అంత పొడుగు మనిషిని, అంత గడ్డాన్ని, నెత్తిన అంత తలపాగాని మా పల్లె పిల్లలు ఎప్పుడూ చూడలేదు. మిగతా పిల్లలు లారీ చుట్టూ మూగి, ఆయన స్టవ్వు మీద రొట్టెలు కాల్చుకుంటుంటే నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూశారు. నేను మాత్రం మా గడప దాటలేదు. నాయనమ్మ బిందెతో నీళ్ళు తీసుకుపోయి ఇచ్చి వచ్చింది. ఆయన ఆవిణ్ణి 'మాజీ' అన్నాడట. అంటే వాళ్ళ భాషలో అమ్మా అని, అది అప్పుడు తెలియకపోయినా ఆవిడకి నచ్చింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం టీ బంకు రేడియోలో వార్త వచ్చింది. ఢిల్లీలో ప్రధానమంత్రిని కాల్చి చంపారు.

ఆ మాట మా పల్లెలో ఎలా పడిందో ఈ కాలం పిల్లలకి చెప్పినా అర్థం కాదు. మా గోడ మీద యేసుప్రభువు పటం పక్కన ఆవిడ బొమ్మున్న క్యాలెండరు ఉండేది. ఏడాది అయిపోయినా నాయనమ్మ దాన్ని తీయనిచ్చేది కాదు. మా పల్లెలో చాలామందికి తలదాచుకునే పక్కా ఇల్లు ఆవిడ చలవే అని నమ్మకం, అందుకే ఆవిణ్ణి అమ్మ అనేవాళ్ళు. పల్లెలో ఆడవాళ్ళంతా సొంత తల్లి పోయినట్టు గుండెలు బాదుకుని ఏడ్చారు. నాయనమ్మ గుంజకి చేరగిలబడి కూర్చుంది, లేవలేదు. చేలకి ఎవరూ పోలేదు. విచ్చిన పత్తి విచ్చినట్టే గాలికి వేలాడింది.

సాయంత్రానికి ఇంకో మాట వచ్చింది. కాల్చినవాళ్ళు ఆవిడ కాపలావాళ్ళేనట, తలపాగాలు కట్టేవాళ్ళట.

నా భయం అసలు అప్పుడు మొదలైంది. రేడియోలో పాటలు లేవు, నాటికలు లేవు, పొద్దస్తమానం ఒకటే ఏడుపు సన్నాయి. బస్సులు ఆగిపోయాయి. గుంటూరులో అమ్మా నాన్నా ఏమయ్యారో తెలియదు. యుద్ధం వస్తుందని ఒకరు, బియ్యం దొరకవని ఒకరు. పట్నంలో దుకాణాలు మూయించారని, లారీలు ఆపి తలపాగావాళ్ళని దింపుతున్నారని, ఢిల్లీలో అయితే బతికుండగానే తగలబెడుతున్నారని ఇంకొకరు. ఎవరు చెప్పినా గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించారంటే పిల్లలకి అంతకంటే భయం ఉండదు. ఎదురుగా రోడ్డు మీద ఆ లారీ కనిపిస్తూనే ఉంది. చంపినవాళ్ళ మనిషి మా ఇంటి ముందే ఉన్నాడని నాకు వణుకు. ఆయన రాత్రికి వచ్చి మమ్మల్ని కూడా చంపేస్తాడేమో అనుకున్నాను. నవ్వుకోండి, కానీ నేనొక్కదాన్నే కాదు, పెద్దవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు.

మూడో రోజు పొద్దున్నే నాయనమ్మ గుంజ దగ్గర్నుంచి లేచింది. ముఖం కడుక్కుంది. రోడ్డు దాటింది. లారీ కింద నక్కి కూర్చున్న ఆ మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. రోడ్డు మీద నుంచి కాకుండా పత్తి చేలోంచి, మొక్కల మధ్య వంచి నడిపించుకుంటూ మా దొడ్డి తలుపు గుండా లోపలికి తెచ్చింది. ముందు గదిలో పత్తికుప్ప వెనక కూర్చోమని సైగ చేసింది. నేను గోడకి అతుక్కుపోయాను.

"నాయనమ్మా, వాళ్ళేగా అమ్మని చంపింది?" అన్నాను.

"ఈయన మన రోడ్డు మీద చెడిపోయిన లారీ బాగుచేసుకుంటున్నాడు. చంపటానికి ఎప్పుడు పోయాడే ఢిల్లీకి?" అంది. అంతకు మించి నాకేం పాఠం చెప్పలేదు.

ఆయన తల మీద తువ్వాలు కప్పుకుని ముడుచుకుని కూర్చున్నాడు. అంత మనిషి పత్తికుప్ప వెనక సగానికి సగం అయిపోయాడు. తలపాగా ఒళ్ళో ఉంది. లారీ కింద దూరి పని చేసీ, దాక్కునీ అదంతా గ్రీజు, మన్ను అయింది. దాన్ని మాటిమాటికీ తడుముకుంటున్నాడు. మాకు ఆయన భాష రాదు, ఆయనకి మా భాష పది ముక్కలు వచ్చు. నాయనమ్మ తలపాగా కోసం చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. "ఇవ్వు నాయనా, ఉతికిస్తా" అని బట్టలు ఉతుకుతున్నట్టు సైగ చేస్తే, తలవంచుకుని ఇచ్చాడు.

దొడ్లో బానలో తడుపుదామని విప్పితే ఆ గుడ్డ వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. నాయనమ్మ లాగీ లాగీ ఆగి, "ఇదేందే, చీరంత ఉంది!" అంది. రెండు రోజుల తర్వాత ఆవిడ పెదవి విచ్చుకోవడం అప్పుడే చూశాను. లోపలికి తిరిగి చూస్తే ఆయన తువ్వాలు జారింది. నడుము దాకా జుట్టు. మా అమ్మకి లేదు అంత జుట్టు. నాయనమ్మ తన భాషలోనే, "నా కోడలు చూస్తే కుళ్ళుకు చస్తది గదయ్యా" అని, కొబ్బరినూనె సీసా ఆయన ముందు పెట్టి వచ్చింది. భయంతో బిగుసుకుపోయి కూడా నాకు నవ్వొచ్చింది. వెంటనే నవ్వినందుకు మళ్ళీ భయం వేసింది, దేశమంతా ఏడుస్తుంటే నవ్వొచ్చా అని.

సబ్బు పెట్టి, రాతికేసి బాది, ఎన్ని నీళ్ళు పోసిందో. మురికి వదిలాక అసలు రంగు బయటపడింది. పొద్దున్నే పూచిన పత్తిపువ్వు రంగు. తెలియని వాళ్ళకి చెప్తాను, పత్తిపువ్వు పూచిన పొద్దున లేత పసుపుగా ఉంటుంది, మర్నాటికి గులాబీ రంగు తిరిగి ముడుచుకుపోతుంది. ఆ మొదటి పొద్దుటి రంగు. నాయనమ్మకి ముచ్చటేసిందేమో, అలవాటు కొద్దీ గంజి కూడా పెట్టింది. పొయ్యి వెలిగించి గంజి కాయడానికి చేతులొచ్చాయి ఆవిడకి, అన్నం వండడానికి మాత్రం ఇంకా రాలేదు.

గంజి పెట్టిన గుడ్డని ముద్దగా ఉంచకూడదు, మడతలు అంటుకుపోతాయి. దొడ్లో ఎండ లేదు. ముందు వాకిట్లోనే ఎండ. దండెం చూస్తే పొట్టిది. పండక్కి చీరలు తొందరగా ఆరాలంటే మా వైపు ఆడవాళ్ళు ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని ఎండలో సాగదీసి నిలబడతారు. నాయనమ్మ ఒక కొస తను పట్టుకుని, రెండోది నా చేతిలో పెట్టింది.

"అవతలి కొస పట్టుకో. నేలకి తగిలిందా, వీపు పగులుద్ది."

ఇంటికి ముందు, వాకిలికి అడ్డంగా నిలబడ్డాం. ఇటు దడి ఆనుకుని నేను, అటు దడి ఆనుకుని నాయనమ్మ, ఎదురుగా రోడ్డు. మా మధ్య ఆ పసుపు గుడ్డ. గడప దాటితే లోపల, పత్తికుప్ప వెనక, ఆయన.

అప్పుడొచ్చారు. సైకిళ్ళ మీద కుర్రాళ్ళు, చేతుల్లో కర్రలు, ఒకడి సైకిలు హ్యాండిలుకి కిరసనాయిలు డబ్బా. రోడ్డవతల ఊళ్ళోవాళ్ళు. వాళ్ళతో మా పల్లెవాడు కూడా ఒకడు, వరసకి నాకు బాబాయి, మొన్నటిదాకా నన్ను భుజాల మీద మోసినవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చాడో నిద్రలేదో. లారీ దగ్గర ఎవరూ లేకపోయేసరికి ఇటు తిరిగారు. నా చేతులు వణికాయి. ఆ వణుకు గుడ్డలోకి పాకి గుడ్డంతా వణికింది.

"పెద్దమ్మా, లారీవోడు నీ ఇంట్లో దూరాడంటగా?" అన్నాడు బాబాయి.

"ముందు ఆ సైకిళ్ళు పక్కకి తియ్యండ్రా. తడిబట్ట, దుమ్ము పడుద్ది" అంది నాయనమ్మ.

వాళ్ళు నిజంగానే ఒకడుగు వెనక్కి తీశారు. అదెందుకో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. చేతిలో కర్రలున్నవాళ్ళు ఉతికిన బట్ట మీద దుమ్ము పడుతుందని సైకిళ్ళు జరిపారు.

ఊరివాడొకడు, డ్రైవరు దొరక్కపోతే లారీ అయినా తగలబెడతామన్నాడు.

"తగలెట్టండి. అందులో ఉన్నది మన చేలల్లో పత్తే. నేను ఒంగి ఒంగి తీసింది, మీ అమ్మలు తీసింది. అగ్గిపుల్ల చాలు, మీ ఇళ్ళదాకా అంటుకుద్ది."

"అది కాదు పెద్దమ్మా, అమ్మని చంపినోళ్ళని..." బాబాయి చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

నాయనమ్మ గొంతు అప్పుడు లేచింది. "అమ్మ నీకొక్కడికే అమ్మా? రెండ్రోజులు నా పొయ్యిలో పిల్లి లేవలేదురా! మీకు ఏడుపొస్తే కర్రలు దొరికినయ్యి. నాకేం దొరికింది? ఈ బట్ట దొరికింది, ఉతుక్కుంటున్నా."

తర్వాత ఊరివాడు, లోపల ఒకసారి చూసి పోతామన్నాడు. చూడాలంటే గుడ్డ కింద నుంచి వంగి రావాలి. మా వైపు మగవాళ్ళు ఆరేసిన చీర కింద దూరరు. అమర్యాద అంటారు కొందరు, ఆయుష్షు తగ్గుతుందంటారు కొందరు. కారణం ఏదైనా, దూరరు. నాయనమ్మ కొస వదల్లేదు, పక్కకి జరగలేదు, "దూరండి మరి" అంది. అది చీర అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అబద్ధమాడితే ఆదివారం చర్చిలో కూర్చోగలిగే మనిషి కాదు ఆవిడ.

ఊరివాడు వంగబోయి ఆగాడు. కొస వదిలేసి పారిపోవాలనిపించింది. వదిలితే గుడ్డ నేలమీద పడుతుంది, వాకిలి తెరుచుకుంటుంది, లోపలి మనిషి చచ్చిపోతాడు. అంతవరకు నాకు అర్థమైంది. గోళ్ళు గుచ్చుకునేలా పట్టుకున్నాను.

అప్పుడు చేల మీద నుంచి గాలి వచ్చింది. గుడ్డ ఒక్కసారిగా పైకి ఉబ్బింది. ఎండ దానిలోంచి దిగి వాకిలంతా పసుపు పరుచుకుంది. నాయనమ్మ తెల్లజుట్టు, మట్టి నేల, ఆ కుర్రాళ్ళ ముఖాలు, కిరసనాయిలు డబ్బా, అన్నీ ఆ రంగులోకి వచ్చాయి. నేను తలెత్తి చూశాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, ఆ భయంలో, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని, ఎంత బాగుందో అనుకున్నాను. నేనే కాదు. వాళ్ళు కూడా తలలెత్తి చూస్తున్నారు. తిట్టుకుంటూ వచ్చిన నోళ్ళు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి. గాలి తగ్గి గుడ్డ మెల్లగా దిగేదాకా ఎవరూ కదల్లేదు.

"రంగు బాగుంది పెద్దమ్మా" అన్నాడు బాబాయి.

"పత్తిపువ్వు రంగురా. మీ చేలో కూడా పూసే ఉంటది, పోయి చూసుకో. పత్తి రాలిపోతుంది, పనికి రమ్మను మీ అమ్మని."

బాబాయి ఆ గుడ్డ వంక ఇంకోసారి చూశాడు. అంచు లేదు, కొంగు లేదు. చీరకి అంచు ఉంటుందని తల్లి చేతి ముద్ద తిన్న ఏ మగవాడికైనా తెలుస్తుంది. కర్ర దించి సైకిలు తిప్పాడు. "పదండ్రా, ఇక్కడ పత్తి తప్ప ఏం లేదు" అన్నాడు. మిగతావాళ్ళు గొణుక్కుంటూ వెంటపోయారు. తెలిసే పోయావా అని చాలా ఏళ్ళ తర్వాత బాబాయిని అడిగాను. చుట్ట వెలిగించుకుని నా పిల్లల చదువుల గురించి అడిగాడు.

సైకిళ్ళు కనుమరుగయ్యాక నాయనమ్మ వాకిట్లోనే కూలబడింది. ఆవిడకి అంతసేపూ భయం లేదనుకున్నాను. చూస్తే చీర కుచ్చిళ్ళ దాకా చెమట. "వదలబాకే, ఇంకా ఆరలేదు" అని మాత్రం అంది.

ఆరాక లోపలికి పట్టుకుపోయాం. ఆయన లేచి నిలబడ్డాడు. అన్నీ విన్నాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అంతా అర్థమైంది. ఆ గుడ్డని నెత్తికి చుట్టాలంటే ముందు పొడుగునా సాగదీసి సన్నగా మడవాలి, దానికీ ఇద్దరు మనుషులు కావాలి. రోజూ క్లీనరు పట్టేవాడట. ఆయన ఒక కొస పట్టుకుని రెండోది నా వైపు చాపాడు. నాయనమ్మ నన్ను ముందుకు తోసింది. పట్టుకున్నాను. మా ఇద్దరి మధ్య పత్తికుప్ప, దాని మీదుగా గుడ్డ. నా చేతులు వణుకుతున్నాయి, అది నాకు తెలుసు. కాని గుడ్డ నేను వణికించిన దానికంటే ఎక్కువ వణుకుతోంది. అవతల చూశాను. అంత పెద్ద చేతులు, గ్రీజు ఇంకా గోళ్ళల్లో ఉన్న చేతులు, నాకంటే ఎక్కువ వణుకుతున్నాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. బూచాడనుకున్న మనిషి నాకు భయపడుతున్నాడని కాదు, నాలాగే భయపడుతున్నాడని అప్పుడే తెలిసింది. మడత మడతకీ దగ్గరికి నడుస్తూ చివరికి ఆయన చేతిలో నా కొస పెట్టాను. ఆయన గోడకున్న చిన్న అద్దంలో చూసుకుంటూ చుట్టుకున్నాడు. ఒక్కో చుట్టుకీ కాస్త కాస్త పొడుగయ్యాడు. నాయనమ్మ చూసి, "పెళ్ళికొడుకులా ఉన్నాడు" అని, పొయ్యి రాజేసి అన్నం వండింది.

బస్సులు నడిచాక క్లీనరు సామానుతో వచ్చాడు. ఆ బస్సులోనే మా అమ్మా నాన్నా కూడా దిగారు, ఘాటుతో తుమ్ముకుంటూ. లారీ కదిలేముందు ఆయన నాయనమ్మ కాళ్ళకి మొక్కాడు. ఆవిడ కంగారుపడి ఆయన తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. ఢిల్లీలో ఆయన అన్నగారి ఇల్లు ఉందని క్లీనరు చెప్పాడు. అక్కడ ఏం మిగిలిందో, ఆయన ఇల్లు చేరాడో లేదో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఈ కథని సుఖాంతం చెయ్యమని మనవరాలు మారాం చేస్తుంది. తెలియనిది ఎలా చెప్పను? మేం చేసింది ఒక పూట కాపాడడమే.

ఆ తర్వాత దేశంలో ఎన్ని జరిగాయో మీకూ తెలుసు. బాంబులు పేలిన రోజులు, వరదలు ఊళ్ళని ఊడ్చేసిన రోజులు, మొన్న జబ్బు వచ్చి మనుషుల్ని మనుషులు ముట్టుకోకుండా చేసిన రోజులు. టీవీ ముందు నా చేతులు అలాగే వణుకుతాయి. అప్పుడు టీవీ కట్టేసి, ఉతికిన చీర ఒకటి బకెట్టులోంచి తీసి, ఇంట్లో ఎవరుంటే వాళ్ళని అవతలి కొస పట్టుకోమంటాను. ఎండలో నిలబడి దాని రంగు చూస్తాం. అంతకంటే గొప్ప వైద్యం నాకు తెలియదు.

ఇంకొకటి కూడా మిగిలింది. కొత్త మనిషి ఎదురుపడితే, భాష వేరైనా, వేషం వేరైనా, నేను ముఖం కంటే ముందు చేతులు చూస్తాను. చాలాసార్లు అవి కాస్త వణుకుతూ ఉంటాయి. అది కనపడగానే నాకు ఆ మనిషి అంటే భయం పోతుంది. వాళ్ళకి ఏమవుతుందో అన్న భయం పట్టుకుంటుంది.